చిరునామా లేని ఇంట్లో సర్వరు

మా నాయనమ్మ పాడిన బతుకమ్మ పాటలు 41 నా దగ్గర ఉన్నాయి. 2014లో, ఆమె కాలం చేయడానికి ఏడాది ముందు, దేవరకొండ అవతల ఉన్న మా ఊళ్లో అరుగు మీద కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేసిన పాటలవి. మేకల అరుపులు, గిన్నెల చప్పుడు, ఒక పాటను సగంలో ఆపేసి "ఇగ చాలు తియ్ బిడ్డా, గొంతు వస్తలేదు" అన్న మాట కూడా వాటిలో ఉన్నాయి. ఊళ్లో ఉన్న అమ్మ, హైదరాబాదులో ఉన్న తమ్ముడు, అమెరికాలో ఉన్న మేనత్త కూతురు ఎప్పుడు వినాలనిపిస్తే అప్పుడు వినగలగాలని, అయితే ఆ పాటలున్న డిస్కు మాత్రం నల్లగొండలోని మా ఇంట్లో నా చేతికి అందేచోట ఉండాలని నా కోరిక. ఇంట్లో ఒక సర్వరు, అంటే ఎప్పుడూ నడుస్తూ అడిగినవాళ్లకు ఫైళ్లు అందించే కంప్యూటరు, పెట్టుకుంటే ఆ పని అయిపోతుందనుకొని రెండేళ్ల కింద మొదలుపెట్టాను.

తమ్ముడు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇదే పని చేస్తాడు. విషయం చెప్పగానే, "అన్నా, నెలకు ఒక బిర్యానీ పైసలు కడితే క్లౌడ్‌ల పెట్టుకోవచ్చు. గీ తిప్పలన్నీ ఎందుకు నీకు?" అన్నాడు. వాడి ప్రశ్న న్యాయమైనదే. నాలుగు పాటలు, పదివేల ఫొటోలు భద్రంగా ఉండడమే కావాలంటే వాడు చెప్పినట్టు చేయడం తెలివైన పని. పెద్ద కంపెనీ గిడ్డంగిలో ఉన్న డిస్కు నా ఇంట్లో ఉన్న డిస్కు కన్నా భద్రమని ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. కానీ ఈ రెండేళ్లలో నాకు తెలిసి వచ్చిన సంగతి వేరు. ఇంట్లో సర్వరు పెట్టడం కష్టమని అందరూ అంటారు, ఆ కష్టం ఎక్కడ ఉందో మాత్రం సరిగా చెప్పరు. యంత్రం సులువు. కరెంటు, ఎండ, కోతులు కొంచెం కష్టం. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి మనం నెలనెలా డబ్బు కట్టి తెచ్చుకునే నెట్ కనెక్షన్‌లోనే ఉంది, ఎందుకంటే మన ఇంటి నుంచి బయటికి వెళ్లడానికి తప్ప, బయటివాళ్లు మన ఇంటికి రావడానికి అందులో దారి లేదు. ఆ దారి వేయగల ఏర్పాటు మన పట్టణాల దాకా వచ్చి, రౌటరులోని ఒక టిక్కు దగ్గర ఆగిపోయి ఉందనేది నా వాదన.

యంత్రం సంగతి త్వరగా ముగిస్తాను. మొదట పాత డెస్క్‌టాప్ వాడాను. అది ఊరికే ఉన్నప్పుడు కూడా 65 వాట్లు తాగేది. రోజుకు 24 గంటలు, నెలకు 30 రోజుల లెక్కన దాదాపు 47 యూనిట్లు. ఆఫీసుల్లో వాడి అమ్మేసిన చిన్న డబ్బా కంప్యూటరు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాక అది 10 వాట్లకు, అంటే నెలకు 7 యూనిట్లకు దిగింది. ఇంటి సర్వరుకు బలమైన ప్రాసెసర్ అవసరం లేదు, పాటలు వినిపించడానికి, ఫొటోలు చూపించడానికి పదేళ్ల కిందటి యంత్రం కూడా సరిపోతుంది. డబ్బు ఖర్చు పెట్టదలచుకుంటే డిస్కు మీద పెట్టండి, మిగిలింది వైరు మీద పెట్టండి. వైఫై మీద సర్వరును నడపాలని నేనూ నెల రోజులు ప్రయత్నించాను. మా గోడలు పాతకాలపు రాతి గోడలు కావడంతో హాల్లోని రౌటరు నుంచి లోపలి గదికి వచ్చేసరికి సిగ్నల్ నీరసించిపోయేది. చివరికి క్యాట్ సిక్స్ అనే నెట్ వైరు తెప్పించి గోడకు బెజ్జం వేయించాను.

ఎక్కడ పెట్టాలనే దగ్గర నేను తప్పు చేశాను. ఎవరికీ అడ్డం లేకుండా ఉంటుందని సజ్జ మీద, అట్టపెట్టెల పక్కన పెట్టాను. డిసెంబరులో పెట్టినదానికి మే నెలలో ఏమవుతుందో ఆలోచించలేదు. నల్లగొండ ఎండ గురించి కొత్తగా చెప్పేది లేదు, బయట 45 డిగ్రీలు ఉన్నప్పుడు మా స్లాబు కింద సజ్జ మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంటుంది. మధ్యాహ్నం రెండింటికి డిస్కు వేడి 61 డిగ్రీలు చూపించింది. ఆ సాయంత్రమే దాన్ని దించి, బియ్యం డ్రమ్ము పక్కన నేల మీద పీట వేసి పెట్టాను. ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు అదే. అప్పటి నుంచి ఎంత ఎండలోనైనా 47 దాటలేదు. మా ఆవిడ మాత్రం బియ్యం తీసినప్పుడల్లా దానికి ఒక దండం పెడుతున్నట్టు నటిస్తుంది.

కరెంటు విషయంలో నేర్చుకున్నది ఇంకా ఎక్కువ. ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా, దిగులు లేదనుకున్నాను. కానీ కరెంటు పోయినప్పుడు ఫ్యాను ఒక్క క్షణం కూడా తడబడకుండా తిరుగుతుంటే, దాని పక్కనున్న కంప్యూటరు మాత్రం ఆగి మళ్లీ మొదలయ్యేది. ఫ్యానుకు తెలియని ఆ రెప్పపాటు కంప్యూటరుకు తెలుస్తుంది. ఇన్వర్టరు వెనక యూపీఎస్ మోడ్ అని ఒక చిన్న స్విచ్ ఉంటుంది. అది పెడితే బ్యాటరీ మీదికి మారే వ్యవధి తగ్గి కంప్యూటరు ఆగదు. మా ఇన్వర్టరు బిగించినవాడు దాన్ని ముట్టుకోలేదు, ఆరేళ్లుగా నేనూ చూడలేదు. ఆ తర్వాత బయటపడిన సంగతి, రౌటరు ఉన్న ప్లగ్గు అసలు ఇన్వర్టరు లైనులోనే లేదు. ఎలక్ట్రీషియనును పిలిచి లైను మార్పించేలోపు ఒక రాత్రి గాలి దుమారం వచ్చి, గంటలో పదకొండు సార్లు కరెంటు పోయి వచ్చి, ఫొటోల డేటాబేసు పాడైపోయింది. దాని బ్యాకప్పు కూడా అదే డిస్కులో పెట్టుకున్న మహానుభావుణ్ని నేను. పాటలు వేరే పెన్‌డ్రైవులో ఉన్నందున బతికాయి. ఇప్పుడు ప్రతి రాత్రి ఒక ప్రతి తమ్ముడింట్లో ఉన్న డిస్కులోకి వెళ్తుంది. వాడికి నా సర్వరు అంటే చులకనే, అయినా ఆ డిస్కును మాత్రం కంటికి రెప్పలా చూసుకుంటాడు.

తీగ గురించి ఒక మాట చెప్పాలి. పదేళ్ల కింద మా వీధికి నెట్ వచ్చినప్పుడు కరెంటు స్తంభానికి ఒక ఇనుప డబ్బా, అందులో ఒక స్విచ్ ఉండేవి. ఆ డబ్బాకు కరెంటు మూలమీది కిరాణా కొట్టు నుంచి లాగారు. కొట్టాయన రాత్రి తొమ్మిదిన్నరకు మెయిన్ ఆపి ఇంటికి పోతే వీధి మొత్తానికి నెట్ పోయేది. ఇప్పటి ఫైబరు అలాంటిది కాదు. ఆపరేటరు ఆఫీసు నుంచి వచ్చే ఒక్క పోగులోని వెలుగును దారిలో ఒక గాజు ముక్కలాంటి స్ప్లిటర్ 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతుంది, ఆ పంచేదానికి కరెంటు అక్కర్లేదు. కాబట్టి వీధంతా చీకటైనా ఆఫీసులో జనరేటరు నడుస్తూ, మన ఇంట్లోని ఓఎన్‌టీకి (ఫైబరు వెలుగును నెట్‌గా మార్చే డబ్బాకు) ఇన్వర్టరు ఉంటే నెట్ ఉంటుంది. సర్వరు పెట్టుకునేవాడికి ఇది చిన్న మేలు కాదు. దీనికి శత్రువులు కోతులే. డాబా మీద పిట్టగోడ వెంబడి లాగిన నల్లటి ఫైబరును అవి ఊయలగా వాడుకోవడంతో ఏడాదిలో రెండు సార్లు తెగింది. ఓఎన్‌టీ మీద ఎర్రలైటు వెలిగితే చాలు, ముందు డాబా ఎక్కి చూడడం అలవాటైపోయింది. రెండోసారి అతుకు వేసిన తరువాత ఫైబరు పిల్లగాడు మీటరు పెట్టి వెలుగు బలం మైనస్ 21 అని చూపించాడు. ఆ అంకె మైనస్ 27 కన్నా కిందికి పోతే ఓఎన్‌టీకి చూపు ఆనదు. ఆ తర్వాత నేనే పీవీసీ పైపు తెచ్చి అందులోంచి లాగించాను.

ఇక అసలు విషయం. సర్వరు నడుస్తున్నది, ఇంట్లో 192.168.1.10 అని కొడితే పాటలు వస్తున్నాయి. నెట్‌లో యంత్రానికి చిరునామాగా ఉండే నంబరు (ఐపీ) అది, కానీ ఇంట్లో తప్ప బయట చెల్లదు. 192.168తో మొదలయ్యేవి, మొదటి భాగం 10గా ఉన్నవి ఇళ్లల్లో, ఆఫీసుల్లో ఎవరికి వారు వాడుకోవడానికి 1996లోనే పక్కన పెట్టిన నంబర్లు. మా ఇంట్లోనూ, మీ ఇంట్లోనూ అదే నంబరు ఉండవచ్చు. బయటినుంచి వచ్చేవాళ్లకు రౌటరు దగ్గర దారి చూపాలి. దాన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు: 443 పోర్టుకు (సైటు చూడడానికి వచ్చేవాళ్లు తట్టే తలుపు నంబరు అది) ఎవరైనా వస్తే లోపలున్న ఫలానా యంత్రానికి పంపమని రౌటరుకు చెప్పడం. చెప్పాను. ఫోనులో వైఫై ఆపి మొబైల్ డేటాతో ప్రయత్నించాను, రాలేదు. బయటినుంచి వచ్చేవాటిని అడ్డుకునే ఫైర్‌వాల్ ఆపాను, రాలేదు. ఓఎన్‌టీ ఒక రౌటరుగా, నా రౌటరు ఇంకొకటిగా రెండు తలుపులవుతున్నాయని తెలిసి, ఆపరేటరును బతిమాలి ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటరు పని మానేలా, పెట్టించాను. అయినా రాలేదు. మూడు రాత్రులు ఇలా గడిచాయి.

నాలుగో రాత్రి రౌటరు స్టేటస్ పేజీలో బయటివైపు ఉన్న నంబరును మొదటిసారి సరిగ్గా చదివాను. అది 100.72తో మొదలవుతున్నది. నా నంబరు ఏమిటో బయటి సైటును అడిగితే అది పూర్తిగా వేరే నంబరు చెప్పింది. అంటే నా రౌటరుకు ఇచ్చినది కూడా బయట చెల్లని నంబరే. 100.64.0.0 నుంచి 100.127.255.255 దాకా ఉన్న సుమారు 42 లక్షల నంబర్లను 2012లో సరిగ్గా ఈ పని కోసమే కేటాయించారు: నెట్ కంపెనీ వందల ఇళ్లకు ఈ నంబర్లు ఇచ్చి, అందరినీ బయట చెల్లే ఒకే పబ్లిక్ నంబరు వెనక నిలబెట్టి, ఆ నంబరుకు ఉన్న 65,536 పోర్టులను వాళ్ల మధ్య పంచుతుంది. దీన్ని సీజీనాట్ అంటారు. నా తలుపు నేను బార్లా తీసి పెట్టుకున్నా, వీధి గేటు కంపెనీ చేతిలో ఉంది. వచ్చిన మనిషి ఏ ఇంటికి వచ్చాడో ఆ గేటు దగ్గర ఎవరికీ తెలియదు.

పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం మా ఇంటి నుంచి ఎంతో దూరం లేదు. గర్భగుడిలో పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా పడుతుంది. అది ముందున్న స్తంభాల్లో ఫలానాదాని నీడ అని వేలు పెట్టి చూపించడం మాత్రం సాధ్యం కాదు. సీజీనాట్ గురించి పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఆ నీడనే చెబుతాను. బయటివాళ్లకు కనిపించేది ఒక్క నీడ, దాని వెనక ఎన్ని స్తంభాలున్నాయో, ఏది మనదో చెప్పలేం.

ఇందులో కంపెనీల దురుద్దేశమేమీ లేదు. ఐపీవీ4 నంబర్లు, అంటే ఇప్పటిదాకా చెప్పిన పాత రకం నంబర్లు, మొత్తం కలిపి 430 కోట్ల లోపే; ప్రపంచానికి నంబర్లు పంచే కేంద్ర సంస్థ దగ్గర ఉన్న చివరి మూటలు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు, అదే ఏడాది ఏప్రిల్‌లో మన ఆసియా పసిఫిక్ ప్రాంతపు సంస్థ చివరి నిల్వను రేషను చేయడం మొదలుపెట్టింది. మన పట్టణాల్లో ఇంటింటికీ నెట్ వచ్చింది ఆ తరువాతే. ముందు వచ్చిన దేశాలవాళ్లు ఇంటికొక నంబరు తీసుకున్నారు. విందుకు ఆలస్యంగా వచ్చినవాడికి విస్తరి దొరకనట్టు మనకు నంబర్లు మిగలలేదు. ఆ లోటును సీజీనాట్‌తో కప్పారు, మనం సినిమాలు చూస్తున్నంత కాలం, బిల్లులు కడుతున్నంత కాలం ఆ లోటు మనకు తెలియలేదు. నెట్ మనకు నల్లాలాగా అలవాటైంది: తిప్పితే వస్తుంది, కట్టేస్తే ఆగుతుంది. మా ఊళ్లో తాతగారింటి చేదబావి అట్లా కాదు, వాడకట్టు మొత్తం బిందెలు తెచ్చుకొని వచ్చేవాళ్లు. నల్లా ఉన్న ఇంటికి నీళ్ల కోసం ఎవరూ రారు.

కంపెనీని స్టాటిక్ ఐపీ, అంటే మారకుండా నాకే ఉండే పబ్లిక్ నంబరు, అడిగాను. ఇంటి ప్లానులో లేదని, బిజినెస్ ప్లాను తీసుకోవాలని చెప్పారు. దాని ధర నా ప్లానుకు మూడు రెట్లు. ఫైబరు పిల్లగాడు ఇంకో సంగతి చెప్పాడు: "సార్, మన దగ్గర స్టాటిక్ ఐపీ సీసీ కెమెరాలోళ్లే తీసుకుంటరు. మీకెందుకు సార్, ఏమన్న షాపు పెడుతున్నరా?" పట్టణంలో ఉన్న కొద్దిపాటి పబ్లిక్ నంబర్లు కెమెరాల రికార్డింగ్ డబ్బాలకే (డీవీఆర్‌లకే) పోతున్నాయన్న మాట. ఆ డీవీఆర్‌లలో చాలావాటికి డబ్బాతో వచ్చిన పాస్‌వర్డే ఇప్పటికీ ఉంటుంది. 2016లో మిరాయ్ అనే పురుగు ఇలాంటి 60కి పైగా ఫ్యాక్టరీ పాస్‌వర్డులను వరుసగా ప్రయత్నిస్తూ కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకొని, ఆ అక్టోబరు 21న డిన్ అనే డీఎన్ఎస్ (సైటు పేరు అడిగితే దాని నంబరు చెప్పే ఏర్పాటు) సంస్థ మీదికి తోలితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. నంబరు ఇస్తే ప్రమాదం అనేవాళ్లు ఈ కథనే చెబుతారు. నాకైతే ఈ కథలో తప్పు నంబరుది కాదు, పాస్‌వర్డు మార్చకుండా బిగించి వెళ్లినవాడిది.

చాలామంది చేసే పనే నేనూ చేశాను. ముంబయిలో ఒక చిన్న సర్వరును నెల అద్దెకు తీసుకున్నాను, దానికి పబ్లిక్ నంబరు ఉంటుంది. ఇంట్లోని యంత్రం వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాంతో దాని దాకా ఒక సొరంగం వేసుకుంటుంది. లోపలినుంచి బయటికి వెళ్లేదాన్ని సీజీనాట్ ఆపదు కాబట్టి, ఆ సొరంగం ఒకసారి పడితే అందులోంచి వెనక్కి రావచ్చు. కాసేపు ఏ కదలికా లేకపోతే కంపెనీ గేటు ఆ దారిని మరిచిపోతుంది, అందుకని 25 సెకన్లకు ఒకసారి ఊరికే పలకరించమని వైర్‌గార్డ్‌కు చెప్పాలి. ఆ ఒక్క గీత రాయకపోవడం వల్ల మొదటి వారం పొద్దున్నే సర్వరు నిద్రపోయినట్టుండేది. వైర్‌గార్డ్ 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోనే (5.6 కెర్నెల్‌లో) చేరింది కాబట్టి పెద్దగా ఎక్కించుకునే పని లేదు, రెండువైపులా పది గీతలు రాస్తే చాలు.

ఆ అద్దె సర్వరును మొదలుపెట్టిన రోజు దాని లాగ్ (ఎవరెవరు వచ్చారో రాసుకునే చిట్టా) తెరిచి చూశాను. పేరు పెట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. అరగంటలో రూట్, అడ్మిన్, టెస్ట్, ఉబుంటు, ఒరాకిల్ అన్న పేర్లతో ఎవరెవరో 22వ పోర్టు (దూరంనుంచి యంత్రాన్ని నడపడానికి లోపలికి వచ్చే దారి) తలుపు కొడుతున్నారు. ఒకడు రూట్ పేరుతో రెండు సెకన్లకు ఒక పాస్‌వర్డు చొప్పున ఓపికగా వేస్తున్నాడు. సంతలో జేబులు తడిమేవాళ్లకు మన మీద పగ ఉండదు, వరుసలో వచ్చిన ప్రతి జేబునూ తడుముతారు, వీళ్లూ అంతే. పాస్‌వర్డుతో లోపలికి రావడాన్ని పూర్తిగా మూసేసి తాళంచెవి ఫైలుతో మాత్రమే వచ్చేలా పెట్టాక ఆ కొట్టుడు చప్పుడు వినోదంగా మారింది.

ఈ ఏర్పాటు పనిచేసింది, కానీ నాకు తృప్తి కలగలేదు. హైదరాబాదు మాకు వంద కిలోమీటర్లు. తమ్ముడు నాయనమ్మ పాట నొక్కితే అది నల్లగొండ నుంచి ముంబయి వెళ్లి, అక్కడినుంచి హైదరాబాదు చేరుతుంది. అంతకన్నా విడ్డూరం మా ఇంట్లో జరిగింది: బియ్యం డ్రమ్ము పక్కనున్న డిస్కులోని పాట హాల్లో ఉన్న మా ఆవిడ ఫోనుకు చేరడానికి కూడా ముంబయి వెళ్లి వచ్చేది, ఎందుకంటే సైటు పేరుకు డీఎన్ఎస్‌లో ఉన్నది ముంబయి నంబరు. ఇంట్లో ఒక చిన్న డీఎన్ఎస్ పెట్టి, ఇంట్లోవాళ్లు అదే పేరు అడిగితే 192.168.1.10 అని చెప్పేలా చేశాను. అందరి ఫోన్లలో కుదిరింది, ఆవిడ ఫోనులో కుదరలేదు. రెండు రోజులు వెతికితే, ఎప్పుడో ప్రకటనలు రాకుండా ఉండడానికి నేనే ఆ ఫోనులో ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టి మరిచిపోయానని తేలింది. సైటు అసలుదేనని బ్రౌజరుకు రుజువు చూపే సర్టిఫికెట్టు మాత్రం ఇబ్బంది పెట్టలేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్టుకు ఇంటి తలుపు తెరిచి ఉండాల్సిన అవసరం లేదు, డీఎన్ఎస్‌లో అడిగిన చీటీ అతికించి ఆ పేరు మనదేనని రుజువు చేస్తే ఇస్తుంది. దాని గడువు 90 రోజులు, తిరిగి తెచ్చుకునే పని యంత్రమే చేసుకుంటుంది.

ముంబయి వద్దు, అందరి ఫోన్లలో వీపీఎన్ యాప్ (ఫోను నుంచి నేరుగా ఇంటికి సొరంగం వేసేది) వేయమన్నాడు తమ్ముడు. అమ్మ ఫోనులో కూడా వేశాం. వారం తర్వాత ఫోను చేసి, "అయ్యా, పైన గొళ్లెం బొమ్మ ఒకటి వస్తున్నది, ఎవడన్నా నా ఫోన్ల సొచ్చిండా?" అని అడిగింది. తీసేశాను. అరవై ఎనిమిదేళ్ల మనిషి అత్తగారి పాట వినడానికి సొరంగాల సంగతి నేర్చుకోవలసిన పని లేదు. ఒక లింకు నొక్కితే పాట రావాలి. నా వాదనకు మూలం ఇక్కడే ఉంది: తెలిసినవాడు ఎన్ని పక్కదారులైనా పడతాడు, తెలియనివాళ్లు కూడా రావాలంటే ఇంటికి మామూలు చిరునామా ఉండాలి.

ఆ చిరునామా ఐపీవీ6 అనే కొత్త రకం నంబర్లలో ఉంది. దీనికి 1998లోనే రూపం ఇచ్చారు. 430 కోట్లకు బదులు 340 పక్కన 36 సున్నాలు పెడితే ఎంతో అన్ని నంబర్లు. ఒక్క ఇంటికే కోట్ల కోట్ల నంబర్లు ఇచ్చినా తరగవు, ప్రతి యంత్రానికీ బయట చెల్లే సొంత నంబరు ఉంటుంది, సీజీనాట్ అవసరమే రాదు. మన దేశం ఈ విషయంలో వెనకబడి లేదు. మొబైల్ నెట్‌వర్కులు ఎప్పుడో దీనిలోకి వచ్చాయి. దేవరకొండ అవతల పొలంలో నిలబడి అమ్మ ఫోను తెరిచినా దానికి ఐపీవీ6 నంబరు ఉంటుంది. టెలికాం శాఖ 2010లో ఒకసారి, 2013లో ఇంకోసారి దీనికి ప్రణాళికలు ప్రకటించింది, 2021 నవంబరులో గడువులు సవరిస్తూ 2022 డిసెంబరు 31 తర్వాత ఇచ్చే కొత్త తీగ కనెక్షన్లన్నీ ఐపీవీ6ను మోయగలిగి ఉండాలని చెప్పింది. మోయగలగడం వేరు, మోయడం వేరు. మా ఇంటి తీగ మోయగలదు, కంపెనీ కూడా మోస్తున్నది. మా రౌటరులో నెట్‌వర్కు సెట్టింగుల మూడో పేజీలో, ఐపీవీ6 అన్న మాట పక్కనున్న గడిలో టిక్కు లేదు. అంతే. బిగించినప్పుడు ఎవరో తీసేసి వెళ్లారు.

ఆ టిక్కు పెట్టి రౌటరును ఆపి వేయగానే, సర్వరుకు 2తో మొదలయ్యే పొడుగాటి నంబరు వచ్చింది. దాన్ని డీఎన్ఎస్‌లో రాసి, ఆ ఒక్క యంత్రానికి, 443వ పోర్టుకు మాత్రం రౌటరు ఫైర్‌వాల్‌లో దారి ఇచ్చి, అమ్మకు ఫోను చేశాను. లింకు నొక్కింది. ముంబయి లేదు, సొరంగం లేదు. మొదట గిన్నెల చప్పుడు వినిపించింది, తర్వాత పాట. అమ్మ ఏమీ అనలేదు, ఫోను పెట్టేసి పాట విన్నట్టుంది.

ప్రతి యంత్రానికీ బయటి నంబరు ఉంటే ఇల్లంతా బజారున పడుతుందని, నాట్ (పలు యంత్రాలను ఒకే నంబరు వెనక నిలబెట్టే పద్ధతి) వెనక ఉంటేనే క్షేమమని ఒక అభ్యంతరం ఉంది. నాట్ కాపలాదారు కాదు. లోపలివాళ్లెవరో తెలియక రానివ్వని గేటు అది. కాపలా పని ఫైర్‌వాల్‌ది. మంచి రౌటర్లు ఐపీవీ6లో కూడా బయటినుంచి వచ్చేవాటిని మామూలుగా ఆపేస్తాయి, మీ రౌటరు ఆపుతున్నదో లేదో ఒకసారి మొబైల్ డేటా మీద పరీక్షించి చూసుకోవడం తప్పనిసరి. నంబర్లను వరుసగా తడిమేవాడికి ఐపీవీ6లో ఒక్క ఇంటిని వెతకడానికే జీవితకాలం చాలదు. అయితే సర్టిఫికెట్టు తీసుకున్న ప్రతి పేరూ అందరూ చూడగల బహిరంగ చిట్టాల్లోకి ఎక్కుతుంది. నంబరు దాచినా పేరు దాగదు, పేరు తెలిస్తే నంబరు తెలుస్తుంది. కాబట్టి పాటల సైటుకు లాగిన్ పెట్టాను, అప్‌డేట్లు ప్రతి ఆదివారం వేస్తాను, టీవీని, కెమెరాను వేరే గెస్ట్ వైఫైలోకి నెట్టాను.

అన్నీ బాగున్నాయని చెప్పడం లేదు. కరెంటు పోయి ఓఎన్‌టీ ఆగి మొదలైనప్పుడల్లా కంపెనీ నంబరులోని ముందు భాగాన్ని మార్చేస్తుంది, డీఎన్ఎస్‌లో దాన్ని సరిచేయడానికి అయిదు నిమిషాలకు ఒకసారి నడిచే చిన్న స్క్రిప్టు రాయాల్సి వచ్చింది. తమ్ముడి ఆఫీసులాంటి చోట్ల ఇంకా ఐపీవీ4 మాత్రమే ఉంది, వాళ్ల కోసం ముంబయి సర్వరును ఇంకా అద్దెకు ఉంచుకున్నాను. రేపు ఈ పాటలు వేలమంది వినే సైటుగా మారితే దాన్ని మా ఇంట్లో ఉంచను. మా అప్‌లోడ్ అంత బరువు మోయదు, మోసినా ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగిపోతుంది. ఇంటి సర్వరు ఇంటివాళ్లకూ చుట్టాలకూ సరిపోతే చాలు, అందరికీ తెరవాల్సినవి అద్దె యంత్రాల్లో పెట్టడమే సబబు. తమ్ముడితో నాకున్న తగాదా ఇప్పుడు ఇంతవరకే మిగిలింది. అద్దెకు పెట్టుకోవడం తప్పని నేను అనడం లేదు, సొంతానికి పెట్టుకోవడానికి దారి మూసి ఉండడం తప్పంటున్నాను. కొత్త కనెక్షను ఇచ్చేవాడు ఆ టిక్కు పెట్టి వెళ్లడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు, పెట్టకపోతే అడిగే హక్కు మనకుంది.

ఫైబరు పిల్లగాడికి ఇదంతా చూపించాను. పాట విన్నాడు, లాగ్ చూశాడు, ఆ మూడో పేజీ ఫొటో తీసుకున్నాడు. పోయిన వారం రామగిరి నుంచి ఫోను చేశాడు. కొత్త ఇంట్లో బిగిస్తున్నానని, "సార్, మీ దిక్కు పెట్టినట్టే ఈడ గూడ టిక్ పెట్టిన, నంబర్ వచ్చింది సార్" అన్నాడు. రెండో ఇంట్లోనూ వచ్చిందట. మూడో ఇంటివాళ్లకు ఆపరేటరు దగ్గర మూలన పడి ఉన్న పాత రౌటరు ఇచ్చారు, దాంట్లో ఆ పేజీయే లేదట.